పొయ్యికొక కొళాయి

మొదట గడపకొక కొళాయి అనే అనుకున్నారు. దాన్ని పొయ్యికొక కొళాయిగా మార్చింది నేను. ఎవరి మీదికీ నెట్టే పని లేదు. అంతమందిలో లేచి నిలబడి, చెయ్యి ఊపుకుంటూ చెప్పింది నేనే. "లోకేశ్వరీ, ఈ రోజొక్క రోజు నోరు కట్టేసుకోని కూర్చో" అని మీటింగుకు బయల్దేరేటప్పుడే మా ఆయన అన్నాడు. మొగుడి మాట వినే అలవాటు నాకు ఉంటే ఈ కథే లేదు.

మాది తిరుపతి అంచున, చిత్తూరు రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగితే వచ్చే మిట్ట కాలనీ. ఊరు పెరిగి మా దాకా వచ్చింది కానీ ఊరి నీళ్ళు మాత్రం రాలేదు. కాలనీకి ఉన్న ఒక్క బోరూ కొన్నేళ్ళుగా దగ్గుతూ దగ్గుతూ పోయిన ఎండాకాలం పూర్తిగా ఆగిపోయింది. ట్యాంకరు వచ్చిందంటే చాలు, బిందెలు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడడం, జుట్లు పట్టుకోవడం. ఆ తిప్పలు పడలేక చివరికి నీళ్ళ కమిటీ అని ఒకటి పెట్టుకున్నారు. పల్లంలో కొత్త బోరు వేయించి, మిట్ట మీదికి పైపులైను లాగాలని తీర్మానం. కనెక్షన్ ఫీజు పన్నెండు వేలు, ఆ పైన నెలనెలా రేటు. కరెంటాఫీసులో రిటైరైన దయానంద్ సారు ప్రెసిడెంటు. ఆడవాళ్ళ తరఫున ఒకరు ఉండాలన్నారు. కాలనీలో సగం మందికి జాకెట్లు కుట్టేది నేనే కదా, నన్ను వేశారు.

గొడవంతా సుందరరాజు మేడ దగ్గర వచ్చింది. మూడంతస్తుల మేడ అతనిది. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే జంటలు, పెళ్ళికాని పిల్లకాయలు అందులో బాడుగకు ఉంటారు. తెల్లారేసరికి కంపెనీ బస్సు కోసం ఆ గేటు ముందు నిలబడే జనాన్ని చూస్తే పెళ్ళికి తరలిపోతున్నారా అనిపిస్తుంది. ఆ సుందరరాజు మీటింగులో లేచి మెడలో గొలుసు సర్దుకుని, "గడపకొక కనెక్షన్ అని ముందే అనుకున్నాం గదా సార్. నాది ఒగటే గేటు, ఒగటే గడప. ఒగటే ఫీజు కడతా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతమంది స్నానాలూ, బట్టలూ, అంట్లూ ఒక్క ఫీజు మీదనా! రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాడూ అంతే కట్టాలి, ఈ మహారాజూ అంతే కడతాడట.

"ఏందప్పా, గడప గడప అంటావు? నీ గడప లోపల ఎన్ని కాపరాలు ఉండాయో మాకు తెలవదా?" అని లేచాను. "మా పుట్టింటోళ్ళు సత్యవేడు పక్క. ఆడ గంగమ్మ జాతరకు చందా ఎత్తేది గడపను సూసి కాదు, పొయ్యిని సూసి. అన్నదమ్ములు ఒగే కప్పు కింద ఉండినా పొయ్యి వేరైతే చందా వేరే. యాడ అన్నం ఉడుకుతాదో అది ఒక కాపరం. పొయ్యికొక కొళాయి అనండి సారూ, ఎవురి గడప ఎంత పెద్దదో అప్పుడు తేలిపోతాది!"

చప్పట్లే చప్పట్లు. నా పెళ్ళిలో కూడా జనం అంత సంబరపడలేదు. సుందరరాజు మొహం మాడిపోయింది. వెనక నుంచి పరుపులు కుట్టే హజరత్ వలి లేచి, "మా పెరట్లో స్నానాలకు వేన్నీళ్ళ పొయ్యి ఉండాది సార్, దానికీ కట్టాల్నా?" అని అడిగేసరికి అందరూ గొల్లుమన్నారు. నీళ్ళు కాగే పొయ్యి లెక్కలోకి రాదు, అన్నం ఉడికే పొయ్యే లెక్క అని దయానంద్ సారు తేల్చేశారు. ఇక ఇండ్లలోకి దూరి, వంటిళ్ళు చూసి రావడం మగవాళ్ళ వల్ల అయ్యే పని కాదు కాబట్టి అది నా నెత్తిన పెట్టారు. నెత్తిన పెట్టారు అని ఇప్పుడంటున్నాను కానీ, ఆ రోజు మాత్రం కిరీటం పెట్టినట్టే తిరిగాను.

మరుసటి రోజు పొద్దున్నే మొదట సుందరరాజు మేడకే పోయాను. మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, ప్రతి పోర్షనూ చూశాను. ఒక్క పొయ్యి లేదు! గ్యాసు బండ లేదు, స్టవ్వు లేదు, కనీసం నల్లబడిన గిన్నె లేదు. "మేము కంపెనీ క్యాంటీన్లోనే తినేస్తామక్కా" అని అందరిదీ ఒకటే పాట, ఎవరో నేర్పించినట్టు. ఒక గదిలోనైతే అప్పుడే వేసిన పోపు వాసన గుప్పుమంటోంది, నా కళ్ళు మండుతున్నాయి, పొయ్యి మాత్రం లేదు! సుందరరాజు పెళ్ళాం కోమలి నా వెనకే తిరుగుతూ, "మంచాల కింద గూడా సూసుకో లోకేశ్వరీ, మళ్ళీ మాట రాకూడదు," అని నవ్వింది. పరాయి వాళ్ళ మంచాల కింద దూరేంత సిగ్గులేనిదాన్ని కాదు నేను. సుందరరాజు సొంత వంటింట్లో ఉన్న ఒక్క పొయ్యినీ రాసుకుని, పళ్ళు నూరుకుంటూ బయటికి వచ్చాను.

ఎదురిల్లు మునిశేఖర్ వాళ్ళది. ఆ కోపం ఆరకుండానే ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం నేను చేసిన మొదటి పొరపాటు.

మునిశేఖర్ డెయిరీ వ్యాను తోలుతాడు, పలమనేరు నుంచి పాలు తెస్తాడు. పెళ్ళాం పేరు మోహన. తల్లి కుప్పమ్మ. నాకు సొంత పెద్దమ్మ కాకపోయినా పెద్దమ్మా అనే పిలుస్తాను, నన్ను సొంత కూతురి కంటే ఎక్కువే తిడుతుంది. ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. లోపల వంటింట్లో మోహన గ్యాసు స్టవ్వు, పెరట్లో రేకు కింద పెద్దమ్మ కట్టెల పొయ్యి. అవి రెండుగా ఉండడానికి కూడా కారణం నేనే. మోహన కాపరానికి వచ్చిన కొత్తలో అత్తాకోడళ్ళకు ఉప్పు దగ్గర పేచీ, పులుసు దగ్గర పేచీ. ఈమెకు పొద్దెక్కకముందే రాగి సంగటి పడాలి, ఆ పిల్లకు పొద్దు బాగా ఎక్కేదాకా పొయ్యి వెలిగించే అలవాటు లేదు. ఒకనాడు మోహన బట్టలు సంచిలో కుక్కుకుని బస్టాండుకు బయల్దేరితే నేనే చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాను. "పెద్దమ్మా, నీ కుండ నువ్వు పెట్టుకో, ఆ పిల్ల కుండ ఆ పిల్ల పెట్టుకుంటాది, ఎవురి జోలికి ఎవురూ పోవద్దు," అని తీర్పు చెప్పాను.

అంతే, ఆ రోజుతో గొడవలు సద్దుమణిగాయి. వితంతు పింఛను డబ్బుతో పెద్దమ్మ తన రాగిపిండి తాను తెచ్చుకునేది, తన కట్టెలు తాను ఏరుకునేది. సంగటి ముద్ద, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి, ఒక్కోసారి పచ్చిపులుసు. ఆకలైనప్పుడు వండుకునేది, బుద్ధి పుట్టినప్పుడు తినేది. మోహన వంటింటి తలుపులో నుంచి కూర గిన్నె అందించేది, ఈమె పెరట్లో నుంచి ఊరిబిండి అందించేది. "కూడు కాడ నేను ఎవురికీ లొంగేదాన్ని కాదు మే" అని పెద్దమ్మ కాలర్ ఎగరేసినంత పొగరుగా చెప్పేది. రెండు పొయ్యిలు ఉన్నందువల్లే ఆ ఇల్లు ఒక ఇల్లుగా నిలబడిందని కాలనీ మొత్తంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నేను పోయేసరికి ఆమె తెడ్డుతో సంగటి కెలుకుతోంది. తలెత్తకుండానే, "ఏమ్మే, ఊరంతా పొయ్యిలు లెక్కబెడతా ఉండావంటనే? నాది రాసుకున్నావా లేదా?" అంది.

"నీదెందుకులే పెద్దమ్మా," అన్నాను.

"ఎందుకేంది? నాది పొయ్యి కాదా? దీంట్లో ఉడికేది కూడు కాదా, గడ్డా?" తెడ్డు నా వైపు చూపించింది. "రాసుకో. కుప్పమ్మ, ఒక పొయ్యి. నేనేమన్నా ఒగరి కింద బతకతా ఉండానా ఏంది?"

పొయ్యికి ఇంత అని డబ్బు కట్టాలని ఆమెకు తెలియదు. ఓటరు లిస్టులో పేరు రాస్తున్నట్టు, అదొక మర్యాద అనుకుంది. నాకు తెలుసు. ఆ ముక్క అక్కడే, అప్పుడే చెప్పాల్సింది. స్నానానికి నీళ్ళు కాచుకునేదీ ఆ పొయ్యి మీదనే, వేన్నీళ్ళ పొయ్యి అని వదిలేసినా అడిగే దిక్కు లేదు. కానీ వెనక్కి తిరిగి చూస్తే, ఇంటి పక్క సందులోంచి, కోమలి తన గేటు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. లోకేశ్వరి కావలసినవాళ్ళను తప్పించిందని సాయంత్రానికి కాలనీ అంతా చాటింపు వేస్తుంది. నాకు నా పేరు ముఖ్యమైంది. రాశాను. "రెండు" అని కోమలికి వినపడేటట్టు గట్టిగా చెప్పి మరీ రాశాను. ఛీ, ఆ గొంతు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

లెక్క తయారై ట్యాంకు గోడకు అంటించిన రోజు మధ్యాహ్నం మునిశేఖర్ నా కుట్టు మిషను దగ్గరికి వచ్చాడు. వచ్చి తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ తిట్టి ఉందును, చెల్లుకు చెల్లు అయిపోయేది. అతను ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచి, గోడ వారగా కూర్చున్నాడు.

"అక్కా, మా ఇంటికి రెండు రాసినావంటనే."

"రూలు అట్ల పెట్టినారు శేఖరా," అన్నాను, పెట్టింది ఎవరో తెలియనట్టు.

"ఒగదానికే డెయిరీలో అడ్వాన్సు అడిగినా అక్కా. రెండోది నా వల్ల కాదు. నెలనెలా రేటు గూడా రెండు కట్టాలంట గదా." కింద పడిన గుడ్డ ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. "అమ్మ పొయ్యి తీసేస్తే ఒగటే రాస్తారా?"

"ఆ మాట మీ అమ్మకు చెప్పినావా?"

"యాడ చెప్పేది అక్కా? ఏ నోటితో చెప్పేది?" అని లేచాడు. "నువ్వే ఏమన్నా దోవ సూడు," అని వెళ్ళిపోయాడు. వాడు చిన్నప్పటి నుంచి నన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు. ఆ రోజు నేను కుట్టిన జాకెట్టు చేతులు రెండూ తిరగేసి కుట్టాను, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే కమిటీ దగ్గరికి పోయాను. "సారూ, ఈ పొయ్యి లెక్క వద్దు, గడపకే పెట్టేయండి," అన్నాను. దయానంద్ సారు కళ్ళజోడు తీసి నన్ను వింతగా చూశారు. అప్పుడు సుందరరాజు చూడాలి! మీటింగులో మాడిపోయిన మొహం మతాబాలా వెలిగింది.

"అదెట్లా కుదురుతాది లోకేశ్వరమ్మా? పొయ్యి రూలే న్యాయమైన రూలు. చప్పట్లు కొట్టి మరీ ఒప్పుకున్నారు జనం. పెట్టింది ఎవురు, మీరే గదా! నా మేడ అంతా తిరిగి సూసినారు, ఒగటే రాసినారు, నేను మాట్లాడినానా?"

మంచాల కింద దాచిన పొయ్యిలకు లెక్క లేదు, ఆరుబయట నిజాయితీగా మండే పొయ్యికి ఉంది. నా నోటి నుంచి వచ్చిన రూలు అతని చేతిలో కర్ర అయింది. అయినా ఊరుకుంటే నేను లోకేశ్వరిని ఎట్లా అవుతాను? అక్కడే తడుముకోకుండా, "అయితే కుప్పమ్మ పెద్దమ్మది నేను పొరపాటు రాసినాను. అది వేన్నీళ్ళ పొయ్యి," అనేశాను.

"అట్లనా?" అన్నాడు సుందరరాజు. "అయితే మేమూ ఒగసారి కండ్లారా సూస్తాం." రేపు పొద్దున అందరూ పోయి చూడాలని తేలింది.

అక్కడి నుంచి నేరుగా పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె పెరట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. నేను గబగబా చెప్పుకుపోయాను. రేపు వాళ్ళు వస్తారు, ఇది వేన్నీళ్ళ పొయ్యి అని ఒక్క మాట చెప్పు, వాళ్ళు పోయినాక నీ సంగటి నువ్వు వండుకో, ఎవరడిగేది? ఆమె వినీ విననట్టు చెనక్కాయలు ఒలుస్తూనే ఉంది.

"నేను వండుకునే పొయ్యిని నీళ్ళ పొయ్యి అని నేనెందుకు అనల్ల?"

"అనకపోతే పన్నెండు వేలు కట్టల్ల పెద్దమ్మా! నెలనెలా రేటు గూడా!"

"ఎవురు కట్టల్ల?"

"ఎవురేంది, శేఖరు. వాడి దగ్గర యాడ ఉండాది? నీ పొయ్యి తీసేస్తే ఒగటే రాస్తారా అని పాపం నన్ను వచ్చి అడిగినాడు."

అనేశాను. నోరు జారడం కూడా కాదు, ఆమెను తొందరగా ఒప్పించాలని కావాలనే అన్నాను. పెద్దమ్మ చేతులు ఆగాయి. ఒలిచిన గింజలు ఒక పక్కకు, తొక్కలు ఒక పక్కకు నెమ్మదిగా నెట్టింది.

"వాడు నాకు చెప్పలేదే," అంది.

"చెప్పలేకపోయినాడు."

"ఊ." తొక్కలు చేత్తో ఊడుస్తూ అడిగింది. "నీళ్ళ పొయ్యి అయితే ఏమీ కట్టే పన్లేదా?"

"ఏమీ లేదు."

"సరేలే పోమ్మే. చెప్తాలే."

నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పి మురిసిపోయాను. "అయితే ఇప్పుడు ముసలామె చేత అబద్ధం చెప్పిస్తా ఉండావన్నమాట," అన్నాడాయన. ఒక చిన్న అబద్ధంతో ఒక పెద్ద తప్పు చెరిగిపోతే నష్టమేంటని ఎదురు తిరిగాను. నిజంగానే అట్లా అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

పొద్దున దయానంద్ సారు, సుందరరాజు, హజరత్ వలి, వెనక నేను. పెరట్లోకి పోయేసరికి నేను ఆశ్చర్యపోయాను. పొయ్యి మీద నిండుగా ఇత్తడి కాగు, నీళ్ళు సలసలా కాగుతున్నాయి. చుట్టుపక్కల సంగటి కుండ లేదు, తెడ్డు లేదు, రాగిపిండి డబ్బా లేదు. పొయ్యి చుట్టూ పేడతో అలికి ఉంది. అమ్మ ముసలమ్మా, ఎంత తెలివిగా సర్దిపెట్టావు అని లోలోపల మెచ్చుకున్నాను. మోహన వంటింటి తలుపు పట్టుకుని తల వంచుకుని నిలబడింది.

సుందరరాజు గొంతుక్కూర్చుని పొయ్యిలోకి తొంగి చూశాడు. "నువ్వు సంగటి వండుకునేది దీంట్లోనే గదా అవ్వా?"

"ఇది నీళ్ళ పొయ్యి నాయనా," అంది పెద్దమ్మ.

"అట్లయితే గంగమ్మ తోడు అని చెప్పు."

"ఏందయ్యా అది, పెద్దామెను పట్టుకోని," అని దయానంద్ సారు విసుక్కున్నారు. హజరత్ వలి కూడా, "వద్దప్పా, ప్రమాణాలెందుకు?" అన్నాడు. గంగమ్మ అంటే పెద్దమ్మకు ఎంత భయభక్తులో నాకు తెలుసు, జాతర రోజుల్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ఇక అంతా బయటపడిందనే అనుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, సుందరరాజు కళ్ళలోకి సూటిగా చూసింది.

"గంగమ్మ తోడు. ఇది నీళ్ళ పొయ్యి."

రెండు కొట్టేసి ఒకటి రాశారు. సుందరరాజు పంచె దులుపుకుని లేచాడు. వాళ్ళ వెనక బయటికి వస్తూ నేను పెద్దమ్మ వైపు కన్ను కొట్టాను. ఆమె నవ్వలేదు. అలసిపోయిందిలే అనుకున్నాను.

ఆ తర్వాత పెళ్ళిళ్ళ రోజులు, నాకు ఊపిరాడనన్ని జాకెట్లు. పెద్దమ్మ ఇంటి వైపు చూసే తీరిక లేదు. పైపులైను పడింది, నీళ్ళు వచ్చాయి, జనం కొబ్బరికాయలు కొట్టారు, నన్ను పొగిడారు. ఒకనాడు పొద్దున మోహన వచ్చింది. కొలతల కోసమేమో అనుకుని టేపు తీశాను. ఆ పిల్ల స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

"వదినా, మీరొచ్చి అత్తకు చెప్పండి వదినా. నాకు భయమేస్తా ఉండాది."

"ఏమైందే?"

"ఏమీ కాలేదు, అదే నా భయం. ఆ రోజు నుంచి నేను పెట్టిందే తింటా ఉండాది. ఉప్పు చాలిందా అత్తా అంటే చాలింది అంటాది. ఒగనాడు నేను పులుసులో ఉప్పే వెయ్యలేదు వదినా, మర్చిపోయినా. దాన్నీ చాలింది అనింది. ఇంకొంచెం పెట్టనా అంటే ఎంత పెడితే అంతే అంటాది. ముందర మాదిరి ఒగసారి తిట్టమని చెప్పండి."

టేపు మిషను మీద పడేశాను. కుట్టే జాకెట్టు అట్లానే వదిలేసి పెద్దమ్మ దగ్గరికి పోయాను.

పెద్దమ్మ పెరట్లో పొయ్యి ముందే కూర్చుని ఉంది. కాగులో నీళ్ళు కాగుతున్నాయి. కొడుక్కీ కోడలికీ స్నానాలకు నీళ్ళు కాచి ఇవ్వడం ఇప్పుడు ఆమె పని. నన్ను చూసి, "రామ్మే, కూర్చో," అంది. తిట్టలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావని అడగలేదు.

"ఏంది పెద్దమ్మా ఇది? ఇంక ఎవురూ రారు. కమిటీ వాళ్ళ పని అయిపోయింది. నీ సంగటి నువ్వు కెలుక్కో, ఎవురు సూస్తారు?"

"గంగమ్మ తోడు అని చెప్పినాను గదమ్మే."

"అది నేను చెప్పించిన అబద్ధం! ఆ పాపం నాది. గంగమ్మ అడిగితే నన్నడగనీ."

"అబద్ధం ఎవురు చెప్పినారు?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వు చెప్పి పోయినావు గదా, ఆ సాయంత్రమే కుండ తోమి అటక మీద పెట్టేసినా. పిండి మోహనకు ఇచ్చేసినా. రాత్రి ఆ పిల్ల పెట్టిందే తినినా, పొద్దున గూడా. మీరందరూ వచ్చేటప్పటికి ఇది నీళ్ళ పొయ్యే. నేను గంగమ్మ మీద అబద్ధం చెప్తానా?"

అంత తెలివిగా సర్దిందని నేను మెచ్చుకున్నది ఇదా! ఆ కాగు, ఆ అలికిన నేల, ఆ ఖాళీ. కన్ను కొట్టాను కదా ఆమెకు, దొంగతనంలో భాగస్థులిద్దరం అయినట్టు.

"నేను కడతా పెద్దమ్మా," అన్నాను. "ఆ పన్నెండు వేలూ నేనే కడతా, రేటూ నేనే కడతా. తప్పు రాసిందాన్ని నేను. కోమలి సూస్తా ఉండాదని రాసినాను. నా పేరు పోతాదని రాసినాను. నువ్వు కుండ కిందికి దించు."

"నీ దుడ్లతో నేను కూడు వండుకోవల్నా? పోమ్మే." కట్టెను కొంచెం లోపలికి తోసింది. "నువ్వేం జేసినావు? రాసుకోమనింది నేనే గదా. నువ్వు వద్దన్నా నేనే గద్దించి రాయించినా. నా కొడుక్కు బరువైపోయినానని తెలియక, నాదొక పొయ్యి అని ఎగిరినా. వాడు నాకు చెప్పుకోలేక నీ దగ్గరికి వచ్చినాడు సూడు. నాకదే." మాట మధ్యలో ఆపేసి పొయ్యిలోకి ఊదింది. పొగకో దేనికో కళ్ళు తుడుచుకుంది.

తిట్టి ఉంటే ఆమె కాళ్ళు పట్టుకునేదాన్ని. తప్పు తనదే అని తీసుకుంటే ఇక నేను ఏం పట్టుకోను? ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇన్ని మాటలు తెలిసిన నోటికి ఒక్క మాట దొరక్క, ఆ కాగునే చూస్తూ ఉండిపోయాను. మీటింగులో ఎంత బాగా మాట్లాడాను! ఎంతమంది చప్పట్లు కొట్టారు!

మోహన నా వెనకే వచ్చినట్టుంది. లోపల గిన్నెల చప్పుడు, తర్వాత ఆ పిల్ల గొంతు, కొంచెం భయం భయంగా. "అత్తా, అన్నం పెట్టినా."

పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి వెంటనే లేచింది. అప్పటికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

"ఆకలిగా ఉండాదా పెద్దమ్మా?" అని అడిగాను.

"లేదమ్మే," అంది చేతులు కడుక్కుంటూ. "పిలిచినారు గదా."